నాన్న ఫొటోలోని కొరియా కుర్రాడిని ఎలా వెతకాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. నేను రిటైరైన టీచర్ని. మా నాన్నగారు మిలట్రీలో ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ ఆర్డర్లీగా చేశారు. కొరియా యుద్ధానికి వెళ్లొచ్చారని ఇంట్లో అందరికీ తెలుసు గానీ, అక్కడి సంగతులు పెద్దగా చెప్పేవారు కాదు. పెన్షన్‌తో బయటికొచ్చి, తర్వాత పోర్టులో పనిచేసి, చాలా ఏళ్ల కిందటే పోయారు. ఈమధ్య ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది ట్రంకు పెట్టె దింపితే రెండు ఫొటోలు దొరికాయి. ఒకదాంట్లో నాన్న పక్కన పదేళ్ల కొరియా కుర్రాడు ఉన్నాడు. వెనక నాన్న చేతిరాతతో 'టేగు, కిమ్, 1951' అని ఉంది. రెండోదాంట్లో ఒక తెల్ల సోల్జరు. వెనక ఇంగ్లీషులో 'నీ స్నేహితుడు బిల్, టౌన్స్‌విల్' అని రాసుంది. వీళ్లు ఉన్నారో లేదో, కనీసం వాళ్ల పిల్లలైనా దొరుకుతారో తెలుసుకోవాలని ఉంది. ఫేస్‌బుక్‌లో 'కిమ్' అని వెతికి వెతికి అలిసిపోయాను. ఆ కుర్రాడెవరో ఏమిటో, ఇప్పుడు తవ్వితే లేనిపోనివి బయటపడతాయని తమ్ముడు వద్దంటున్నాడు. అమ్మకి 86 ఏళ్లు. ఆమెకి టెన్షన్ ఎందుకని ఫొటోల సంగతే చెప్పనివ్వడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం: అమ్మా, మీరు పంపిన స్కాన్లు పెద్దవి చేసుకుని నిదానంగా చూశాను. ముందు ఒక మాట. కిమ్ అన్న పేరుతో వెతకడం ఈరోజే ఆపేయండి. కొరియాలో ఐదుగురిలో ఒకరి ఇంటిపేరు కిమ్. పైగా యుద్ధం రోజుల్లో క్యాంపుల్లో చిన్నచిన్న పనులు చేసుకుంటూ, అక్కడే ఇంత తిని పడుకునే పిల్లల్ని సైనికులు తమ నోరు తిరిగిన పేరుతో పిలిచేవాళ్లు. ఆ బాబు ఇంటిపేరు నిజంగా కిమ్మేనన్న నమ్మకం కూడా లేదు. బిల్ సంగతీ అంతే. విలియం అని పేరున్నవాళ్లలో చాలామంది స్నేహితులకి బిల్లే. యుద్ధంలో పరిచయమైన మనుషుల్ని వెతికేటప్పుడు పేరు చిట్టచివర పనికొస్తుంది. ముందు పట్టుకోవాల్సినవి యూనిట్, చోటు, తేదీ. ఈ మూడూ ఖాయమైతే పేరు చెప్పే మనిషి ఎక్కడో ఒకచోట తగులుతాడు.

ఆ చోటు సంగతి మీ మొదటి ఫొటోలోనే ఉంది, మీరు ఉత్తరంలో రాయలేదు. కుర్రాడి ఎడమ భుజం వెనక ఒక ఇటుకల స్తంభం ఉంది చూడండి. వాడు వేసుకున్నది ఎవరిదో పెద్దవాళ్ల కోటు. చేతులు వేళ్ల కిందకి జారిపోయి, నడుం దగ్గర గుడ్డపట్టీతో బిగించి ఉంది. అందరి కళ్లూ వాడి మీదికే పోతాయి కాబట్టి వెనకున్నది కనపడదు. ఆ స్తంభానికి నిలువుగా ఒక చెక్క బోర్డు ఉంది. దాని మీద కొరియన్ అక్షరాలు మూడు స్పష్టంగా, నాలుగోది సగం కనిపిస్తున్నాయి. అది గేటు. గేటు మీద ఉండేది ఆ ఆవరణ పేరు. యుద్ధంలో అక్కడ బడులను సైనిక ఆసుపత్రులుగా వాడుకున్నారు. అది బడి పేరైతే ఆ బడి ఇప్పటికీ ఉండొచ్చు, పూర్వ విద్యార్థుల సంఘమూ ఉండొచ్చు. ఆ బోర్డు చదివించడం మీ మొదటి పని. కొరియన్ నేర్చుకుంటున్న పిల్లలు ఇప్పుడు మన ఊళ్లో కూడా ఉన్నారు. సీరియళ్లు చూసి మొదలుపెట్టినవాళ్లయినా ఆ లిపి చదవగలరు. మీ పాత స్టూడెంట్స్‌నే అడిగి చూడండి.

ఇందుకోసం మీరు ఫోన్‌తో తీసిన స్కాను చాలదు. మంచి స్టూడియోలో 600 డీపీఐకి తగ్గకుండా ముందూ వెనకా స్కాన్ చేయించండి. ఒక జాగ్రత్త. మన సముద్రపు తేమకి పాత ఫొటోలు అద్దానికో ఆల్బమ్ కాగితానికో అతుక్కుపోతాయి. అలాంటివి ఇంకేమైనా ఆ పెట్టెలో ఉంటే పీకొద్దు, తడి చేయొద్దు. ఉన్నవి ఉన్నట్టే స్కాన్ చేయించండి.

ఇక యూనిట్. మీరు రాయకపోయినా అది ఫొటో చెబుతోంది. మీ నాన్నగారి తలమీద ఉన్నది బెరె, అంటే అంచు లేని మెత్తని గుడ్డ టోపీ, చొక్కా మీద ఉన్నది పారాచూట్ రెక్కల బ్యాడ్జి. కొరియా యుద్ధానికి మన దేశం పంపిన వైద్య దళం 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 1950 నవంబర్‌లో వాళ్లు బుసాన్ రేవులో దిగారు. అంటే మీ నాన్నగారు ఆ దళంలోనివారే. డిసెంబర్‌లో ప్యాంగ్యాంగ్ నుంచి అందరూ వెనక్కి తగ్గుతుంటే, బండ్లు లేక సామాను వదిలేయాల్సిన పరిస్థితి వచ్చింది. వీళ్లు ఒక రైలింజను సంపాదించి, తామే నడుపుకుంటూ ఆపరేషన్ సామానంతా దక్షిణానికి తెచ్చుకున్నారు. ఆ తర్వాత దళం రెండుగా చీలింది. ఒక భాగం డేగు నగరంలో ఉండి కొరియా సైనికులకీ మామూలు జనానికీ వైద్యం చేసింది. రెండో భాగం ముందుకెళ్లి, బ్రిటిష్, ఆస్ట్రేలియా సైనికులున్న 27వ కామన్వెల్త్ బ్రిగేడ్ వెంట నడిచింది. 1951 మార్చి 23న మున్సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు రంగరాజ్, ఆయన మనుషులు కొందరు విమానం నుంచి దూకారు కూడా.

ఇంత చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, మీ రెండు ఫొటోలూ ఈ రెండు భాగాలవి. కిమ్ ఫొటో డేగులో తీసింది, మీ నాన్నగారు 'టేగు' అని రాసింది దాన్నే. కొరియా పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగులు 2000లో మార్చారు కాబట్టి నెట్‌లో పాత, కొత్త స్పెల్లింగులు రెండూ కొట్టి వెతకండి. బిల్ ఫొటో మాత్రం బ్రిగేడ్ వైపుది అయ్యుండాలి. అంటే మీ నాన్నగారు కొన్నాళ్లు డేగులో, కొన్నాళ్లు ముందు వరసలో ఉన్నట్టు కనిపిస్తోంది. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది సర్వీసు పత్రాలు చెప్పాలి. ఆ తేదీలు తెలిస్తే వెతకాల్సిన కాలం ఏళ్ల నుంచి నెలలకి తగ్గిపోతుంది.

పత్రాల కోసం ముందు ఆయన ఆర్మీ నంబరు కావాలి. డిశ్చార్జి బుక్ దొరక్కపోతే కంగారు పడకండి. అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చిన కాగితం, తీసి చూడండి. మెడల్స్ ఉంటే అంచు మీద భూతద్దం పెట్టి చూడండి. మన ప్రభుత్వం ఇచ్చిన సర్వీస్ మెడల్స్ అంచున నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. నంబరు చేతికొచ్చాక లక్నోలోని ఆర్మీ మెడికల్ కోర్ రికార్డ్ ఆఫీసుకి దరఖాస్తు రాయండి. ఆ దరఖాస్తు మీ పేరున వద్దు, అమ్మగారి పేరున, ఆమె సంతకంతో వెళ్లాలి. భార్య అడిగితే ఆ ఆఫీసులో మాట వేరు. 'ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ యూనిట్‌లో, ఏ చోట' అని సూటిగా అడగండి. మొత్తం చరిత్ర పంపమంటే ఎవరూ పంపరు. విశాఖలోనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది కదా, దరఖాస్తు ఎలా రాయాలో, ఏ కాగితాలు జతచేయాలో అక్కడ చెప్తారు. వాళ్ల ముద్రతో వెళ్తే ఇంకా మంచిది.

మరో దారి కూడా ఉంది, చాలామందికి తట్టదు. ఆ యూనిట్ ఇప్పటికీ బతికే ఉంది. 60 పారా ఫీల్డ్ హాస్పిటల్ పేరుతో ఆగ్రాలో ఉంది. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం వచ్చినప్పుడు మన దేశం పంపిన సైనిక ఆసుపత్రి అదే. మిలట్రీలో యూనిట్లు తమ పాతవాళ్లని మర్చిపోవు. కొరియా ఈ యూనిట్‌కి గొప్ప గౌరవం. కమాండింగ్ ఆఫీసర్‌కి ఫొటో కాపీలతో ఒక ఉత్తరం రాయండి. మీ నాన్నగారి పక్క మంచం మీద పడుకున్న మనిషి కొడుకో కూతురో ఇప్పటికే అక్కడికి ఇలాంటి ఉత్తరం రాసి ఉండొచ్చు. ఆ దళంలో కొరియా వెళ్లొచ్చినవాళ్లు ఆరు వందల మందికి పైనే. వాళ్ల ఇళ్లల్లోనూ ట్రంకు పెట్టెలున్నాయి. వేరే ఇంటి ఆల్బమ్‌లో ఇదే గేటు, ఇదే కుర్రాడు, వెనక పూర్తి పేరు ఉండే అవకాశాన్ని తక్కువగా చూడకండి. విదేశాల్లో వెతకబోయేవాళ్లు మన దేశంలోని తోటి సిపాయిల కుటుంబాలను వదిలేస్తారు. నా దృష్టిలో అది పెద్ద నష్టం.

ఇప్పుడు తమ్ముడి భయం గురించి. ఆయన పైకి అనని అనుమానం ఏమిటో నాకు అర్థమైంది, మీకూ అర్థమయ్యే ఉంటుంది. లెక్క చూడమనండి. దళం కొరియాలో అడుగుపెట్టింది 1950 నవంబర్‌లో. ఫొటో 1951లోది. ఫొటోలో పిల్లాడికి తొమ్మిదో పదో ఏళ్లు. ఆ అనుమానానికి అక్కడ తావే లేదు. పరాయి దేశంలో తల్లీ తండ్రీ లేని పిల్లాడికి మీ నాన్నగారు ఇంత అన్నం, ఒక కోటు ఇచ్చి ఉంటారు. పరువుకి ఇందులో వచ్చిన లోటేమీ లేదు.

అమ్మగారికి మాత్రం ఫొటోలు చూపించి తీరాలి. ఇది నేను గట్టిగా చెప్తాను. ఆమె ఆయనతో దశాబ్దాలు కాపురం చేసిన మనిషి. మీ ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క సాక్షి ఆమె. ఆ వయసులో మనిషికి టెన్షన్ వచ్చేది పాత ఫొటో చూసి కాదు, పిల్లలు తన దగ్గర ఏదో దాస్తున్నారని తెలిసినప్పుడు. ఉదయం కాఫీ అయ్యాక, ఆమె ఓపికగా ఉన్న పూట పక్కన కూర్చుని ఫొటో చేతికివ్వండి. 'ఇతనెవరు?' అని పరీక్షలో అడిగినట్టు అడగొద్దు. 'నాన్న చలి గురించి ఏమనేవారు? అక్కడ ఏం తిన్నామని చెప్పేవారు? పెళ్లైన కొత్తలో విదేశాల నుంచి ఉత్తరాలేమైనా వచ్చేవా?' అని అడగండి. ఉత్తరాల సంగతి ముఖ్యం. మీ నాన్నగారు, బిల్ ఉత్తరాలు రాసుకుని ఉంటే ఆ స్టాంపుల్ని ఏ పిల్లాడో కత్తిరించి దాచుకుని ఉంటాడు. బహుశా మీ తమ్ముడే. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకోండి, ఆ సంగతి అమ్మకి చెప్పే పెట్టండి. ఆ పూటే దరఖాస్తు మీద సంతకం కూడా తీసుకోండి.

కొరియా వైపు ఎలా వెతకాలి? మనుషుల్ని వెతకడం ఎంత కష్టమో ఆ దేశానికి చెప్పనక్కర్లేదు. 1983లో అక్కడి జాతీయ టీవీ కేబీఎస్ యుద్ధంలో విడిపోయిన కుటుంబాల కోసం జూన్ 30న ఒక లైవ్ కార్యక్రమం మొదలుపెట్టింది. తట్టుకోలేనంత మంది వచ్చేసరికి నవంబర్ 14 దాకా, మొత్తం 453 గంటలకి పైగా ప్రసారం చేసింది. పదివేలకి పైగా కుటుంబాలు కలుసుకున్నాయి. ఆ రికార్డులను 2015లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఆ జనం అట్టముక్కల మీద ఏం రాసుకుని నిలబడ్డారో చూస్తే మీకూ దారి దొరుకుతుంది. పేరు ఒక్కటే రాసి ఊరుకోలేదు. ఏ ఊళ్లో విడిపోయామో, అప్పుడు వయసెంతో, ఒంటి మీద ఏ మచ్చ ఉందో రాసుకున్నారు. మీరూ అలాగే రాయండి. 'కిమ్ కోసం వెతుకుతున్నాం' అనొద్దు. '1951లో డేగులో ఫలానా గేటున్న ఆవరణలో భారత వైద్య దళం దగ్గర ఉన్న, అప్పటికి పదేళ్ల బాబు' అని రాయండి. వయసు లెక్కన ఆయన ఇప్పుడు ఎనభై దాటిన పెద్దాయన. ఆయన చూడకపోయినా, చిన్నప్పుడు ఇండియా డాక్టర్లు సాకారట అని తాత చెప్పగా విన్న మనవడు చూస్తే చాలు.

ఆ ఉత్తరం రెండుచోట్లకి వెళ్లాలి. ఒకటి, కొరియాలో మాజీ సైనికుల వ్యవహారాలు చూసే మంత్రిత్వ శాఖకి, చెన్నైలోని కొరియా కాన్సులేట్ జనరల్ ద్వారా. యుద్ధంలో తమకు సాయం చేసిన 22 దేశాలను ఆ ప్రభుత్వం ఇప్పటికీ గుర్తుపెట్టుకుంది. వైద్య దళాలు పంపిన ఆరు దేశాల్లో మనదొకటి. ఆనాటి సైనికులనీ వాళ్ల కుటుంబాలనీ కొరియాకి ఆహ్వానించే కార్యక్రమం కూడా వాళ్లకుంది. మీ నాన్నగారి సేవ రుజువయ్యే కాగితం జతచేస్తే మీ మాటకి విలువ పెరుగుతుంది. అందుకే లక్నో జవాబు వచ్చాకే ఇక్కడికి రాయండి. రెండోది, డేగు నుంచి వెలువడే దినపత్రిక మేయిల్ షిన్‌మున్. 1946 నుంచీ నడుస్తున్న పత్రిక అది. మన పత్రికల్లాగే వాళ్లకీ ఇలాంటి కథ కావాలి. డేగుకి మన దేశం కొత్త కాదు. ఐక్యరాజ్యసమితి కమిషన్‌లో మన ప్రతినిధిగా వెళ్లి, 1950 ఆగస్టులో మందుపాతర పేలి చనిపోయిన కర్నల్ ఉన్ని నాయర్ స్మారకం ఆ ఊళ్లోనే ఉంది. ఆ స్మారకం ఉన్న ఊరికి రాస్తున్నామన్న మాట ఉత్తరంలో ఒక్క వాక్యంగా చేర్చండి.

ఒక నిజం కూడా మనసులో పెట్టుకోండి. డేగు అప్పట్లో శత్రువుకి చిక్కకుండా నిలబడిన ఊరు కాబట్టి ఎక్కడెక్కడి నుంచో కాందిశీకులు వచ్చి చేరారు. ఆ బాబు ఊరు డేగు కాకపోవచ్చు. యుద్ధం తర్వాత అనాథ పిల్లలు ఎందరో దత్తతకి అమెరికా వెళ్లారు. అంటే ఆయన ఇప్పుడు ఏ దేశంలోనైనా ఉండొచ్చు.

బిల్ పని కాస్త తేలిక. ఫొటోలో ఆయన టోపీ చూడండి. ఎడమవైపు అంచు పైకి మడిచి, ఆ మడత మీద బ్యాడ్జి గుచ్చి ఉంది. అది ఆస్ట్రేలియా సైనికుల టోపీ. టౌన్స్‌విల్ క్వీన్స్‌లాండ్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. 27వ బ్రిగేడ్‌లో ఉన్న ఆస్ట్రేలియా దళం వాళ్ల మూడో బెటాలియన్, 1951 ఏప్రిల్‌లో కప్యోంగ్ దగ్గర చైనా సైన్యాన్ని ఆపినవాళ్లు. కొరియా వెళ్లిన తమ సైనికుల పేర్ల జాబితాను ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆ బెటాలియన్ వార్ డైరీలు, అంటే యుద్ధంలో ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టిన పుస్తకాలు, కాన్‌బెరాలోని వార్ మెమోరియల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అక్కడి జాతీయ గ్రంథాలయం ట్రోవ్ అన్న సైట్‌లో పాత పత్రికలు పెట్టింది. టౌన్స్‌విల్ డైలీ బులెటిన్ 1954 దాకా అందులో దొరుకుతుంది. మన ఊరి కుర్రాడు కొరియా వెళ్లాడు, గాయపడ్డాడు, తిరిగొచ్చాడు అని చిన్న ఊళ్ల పత్రికలు ఫొటోలేసి రాసేవి. విలియం అన్న పేరు, కొరియా అన్న మాట, 1951, 1952 సంవత్సరాలు పెట్టి వెతకండి. ముఖం పోల్చడానికి మీ దగ్గర ఫొటో ఉండనే ఉంది. రెండు మూడు పేర్లకి తగ్గాక, టౌన్స్‌విల్‌లోని మాజీ సైనికుల సంఘం ఆర్‌ఎస్‌ఎల్‌కి రాయండి. అడ్రసు అడగొద్దు, ఎవరూ ఇవ్వరు. 'నా ఉత్తరాన్ని ఆ కుటుంబానికి చేరవేయగలరా' అని అడగండి. అలా అడిగితే చాలామంది కాదనరు.

లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో కామన్వెల్త్ డివిజన్ వార్ డైరీలు డబ్ల్యూఓ 281 సిరీస్‌లో ఉన్నాయి. కాపీలకి డబ్బు కట్టాలి. తేదీలు తేలాక అవసరమనిపిస్తేనే అటు వెళ్లండి.

ఈలోగా ఫేస్‌బుక్‌లో పెట్టాలనిపిస్తే ఫొటో మాత్రమే పెట్టండి. ఆర్మీ నంబరు, పీపీఓ, అమ్మగారి పేరు పెట్టొద్దు. 'దొరికారు, ఇంత పంపండి' అనేవాళ్లకి ఒక్క రూపాయి పంపొద్దు. నిజంగా ఎరిగినవాళ్లయితే ఆ గేటు బోర్డు మీద ఏం రాసుందో చెప్పగలగాలి. అందుకని బయట పెట్టే కాపీలో ఆ స్తంభం కనపడకుండా కత్తిరించండి.

ఎవరైనా నిజంగా దొరికితే మొదటిసారే వీడియో కాల్ చేయకండి, ఉత్తరం రాయండి. ఆ పెద్దాయనకి 1951 అంటే ఇల్లూ వాకిలీ, కన్నవాళ్లూ పోయిన ఏడాది. కొందరు ఆ రోజుల్ని తల్చుకోవడానికే ఇష్టపడరు, వాళ్లని అలాగే వదిలేయాలి. మీ ఉత్తరంలో ఆయన్ని ప్రశ్నలు అడగొద్దు. మీ నాన్న ఎవరో, ఎక్కడ పుట్టారో, తర్వాత ఎలా బతికారో, ఈ ఫొటోని ఇన్నేళ్లు ఎక్కడ దాచారో రాయండి. జవాబు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టమేనని ఒక మాట చేర్చండి. కొరియన్‌లోకి యాప్‌తో మార్చి పంపకండి. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు అక్కడ మర్యాద పద్ధతులు చాలా ఉంటాయి, యాప్ వాటిని పాడుచేస్తుంది. ఆ గేటు బోర్డు చదివిపెట్టే పిల్లల చేత, వాళ్ల టీచర్ దిద్దాక రాయించండి. కింద తెలుగులో మీ సంతకం, పక్కన అమ్మగారి సంతకం కూడా పెట్టి పంపండి.